అమెరికాలో ‘పార్షియల్ బర్త్ అబార్షన్’ నిషేధం మీద అంత గొడవ ఎందుకు?

గొడవంతా ఒక్క మినహాయింపు దగ్గరే. పిండాన్ని ప్రాణంతోనే కొంతవరకు బయటికి తీసి, ఆ తర్వాత చంపే ఈ పద్ధతిని ఆపాలని అమెరికా చట్టసభ కాంగ్రెస్ బిల్లు తెస్తే, అందులో తల్లి ప్రాణాపాయానికి మినహాయింపు ఉంది గానీ ఆరోగ్యానికి లేదని అప్పటి ప్రెసిడెంట్ క్లింటన్ 1996లో, 1997లో వీటో చేశాడు. ఆరోగ్యం అని రాస్తే డాక్టర్లు ఏదో ఒక సాకు చూపిస్తారని నిషేధం కావాలనేవాళ్ల వాదన. నెబ్రాస్కా రాష్ట్రం చేసిన ఇలాంటి చట్టాన్ని సుప్రీంకోర్టు 2000లో 5-4తో కొట్టేసింది. 2003లో బుష్ సంతకం పెట్టిన కేంద్ర చట్టాన్ని మాత్రం 2007లో అదే 5-4తో నిలబెట్టింది! మధ్యలో సుప్రీంకోర్టు జడ్జి ఓ'కానర్ రిటైరై ఆ స్థానంలోకి అలీటో వచ్చాడు, నా లెక్కలో అసలు తేడా అదే. ఇంకోటి, ఈ చట్టం చూసేది పద్ధతిని, ఎన్నో నెల అన్నది కాదు, కాబట్టి వేరే పద్ధతుల జోలికి పోలేదు.