డౌన్‌లో సైకిల్ జోరు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వేగం గురించే. పెడల్ తొక్కకుండానే గంటకు 50 కిలోమీటర్లు దాటించే ఘాట్ రోడ్లు, లారీల వెనక పరుగులు, వానలో పట్టని బ్రేకులు అన్నీ వచ్చాయి. కొన్నిటికి జవాబు కాస్త పొడవైంది, అక్కడ అవసరం అలాంటిది.

ప్రశ్న: హార్స్‌లీ హిల్స్ ఎక్కడం అలవాటైపోయింది. ఇబ్బందల్లా దిగేటప్పుడే. సగం దూరం వచ్చేసరికి బ్రేకు రబ్బర్లు కాలిన వాసన, లివరు హ్యాండిల్‌కి ఆనేదాకా వస్తుంది. మా ఫ్రెండ్ కిందికొచ్చి ఆగిన కాసేపటికి వెనక ట్యూబు పేలింది. మావి వి-బ్రేకుల (రిమ్మును రెండువైపులా రబ్బర్లు నొక్కేవి) హైబ్రిడ్ సైకిళ్లు. తప్పు బ్రేకులదా, మాదా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, మదనపల్లె

జవాబు: ఎక్కువ భాగం బ్రేకు పట్టే పద్ధతిదే. ఆ కొండ సముద్రమట్టానికి సుమారు 1265 మీటర్ల ఎత్తు. అందులో 500 మీటర్లు దిగారనుకుందాం. మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు అనుకుంటే, ఆ దిగుడులో పుట్టే శక్తి దాదాపు 417 కిలోజౌళ్లు. లీటరుకు పైగా చన్నీళ్లు మరగడానికి సరిపోయే వేడి అది. అదంతా ఎక్కడికో అక్కడికి పోవాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో బ్రేకు వదలకుండా జారుతూ వస్తే గాలి తీసుకునేది అందులో పావు వంతుకు మించదు, రోడ్డు రాపిడికి పోయేది చాలా తక్కువ. మిగిలిందంతా రెండు రిమ్ములు, నాలుగు రబ్బరు ముక్కలు మోయాలి. వాసన వచ్చేది అందుకే.

ట్యూబు ఆగాక పేలడంలో వింత లేదు. నడుస్తున్నంతసేపూ గాలి తగిలి రిమ్ము చల్లబడుతుంది. ఆగగానే ఆ వేడి లోపలికి పాకుతుంది, ట్యూబులో గాలి ఒత్తిడి పెరుగుతుంది, రిమ్ము లోపల ఉండే టేపు మెత్తబడి ట్యూబు చువ్వల రంధ్రాల్లోకి నొక్కుకుపోతుంది. ఈసారి టైరు విప్పినప్పుడు ఆ టేపు ఎలా ఉందో చూడండి. పక్కకి జరిగి రంధ్రం అంచు కనిపిస్తుంటే మార్చేయండి. ప్లాస్టిక్ టేపు కంటే గుడ్డ టేపు వేడికి బాగా నిలబడుతుంది.

పద్ధతి ఇలా మార్చుకోండి. ముందు కనిపించే తిన్నని రోడ్డులో సైకిల్‌ని కొంచెం వదలండి. వేగం మీరు పెట్టుకున్న హద్దుకి రాగానే రెండు బ్రేకులూ కలిపి రెండు మూడు సెకన్లు గట్టిగా పట్టండి, పూర్తిగా వదిలేయండి, మళ్లీ పట్టండి. వదిలిన ఆ కాస్త వ్యవధిలోనే రిమ్ము చల్లబడుతుంది. నిటారుగా కూర్చోండి, మీ ఛాతీయే మూడో బ్రేకు. 8 శాతం వాలులో ఈ బరువుతో నిటారుగా కూర్చుంటే, ఏ బ్రేకూ వేయకపోయినా, వేగం 50 దాటాక ఇక పెద్దగా పెరగదు. అదే వంగి పడుకుంటే 64 దాకా పోతుంది. ఇంత వేగం భయమనిపిస్తే, వాసన రాకముందే ఆగి పది నిమిషాలు నిలబడండి. రిమ్మును వేలితో ముట్టి చూడకండి, కాలుతుంది.

లివరు సగం దూరంలోనే బ్రేకు పట్టాలి. హ్యాండిల్ దాకా వస్తోందంటే కేబుల్ సాగింది, లేదా రబ్బరు అరిగింది. లివరు దగ్గరున్న చిన్న మరను విప్పుతూ కేబుల్ బిగువు పెంచండి. రబ్బరు మీద గాడి 1 మిల్లీమీటరు కంటే తక్కువ మిగిలితే కొత్తవి వేయించండి. పైపొర గాజులా మెరుస్తుంటే గరుకు కాగితంతో రుద్దండి. అందులో వెండి రంగు నలుసులు ఇరుక్కుని ఉంటాయి, అవి రిమ్ము నుంచి రాలిన అల్యూమినియం. సూదితో తీసేయండి, లేకపోతే అవే రిమ్మును కోస్తాయి. రిమ్ బ్రేకులతో కార్బన్ చక్రాలు వాడేవాళ్లు పొడవాటి ఘాట్ మీదికి అల్యూమినియం చక్రాలు వేసుకుని రావడం మంచిది.

ప్రశ్న: ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అందుకే వెనక బ్రేకే వాడతాను. ఫ్లైఓవర్ దిగుతుంటే స్పీడు 40 చూపిస్తుంది. ఇది చాలదా?
— బ్యాంకు ఉద్యోగి, విజయనగరం

జవాబు: చాలదండీ. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రం రోడ్డుని పట్టలేదు, జారుతుంది. పొడి తారు రోడ్డు మీద గంటకు 40 వేగంలో రెండు బ్రేకులూ సరిగా వాడితే 15 మీటర్లలో ఆగొచ్చు. వెనకది ఒక్కటే అయితే 25 మీటర్లు. ఈ రెండు లెక్కలకీ మెదడు గ్రహించి చెయ్యి కదిలే ఆ ఒక్క సెకను దూరం, అంటే మరో 11 మీటర్లు, కలపాలి. 60 వేగంలో రెండు బ్రేకులతోనూ మొత్తం 50 మీటర్లు దాటుతుంది. అదీ చదును రోడ్డు మీద. వాలులో ఇంకా ఎక్కువ. వేగం ఒకటిన్నర రెట్లయితే బ్రేకు దూరం రెండింతలు దాటుతుందన్నది గుర్తుంచుకుని స్పీడోమీటరు చూడండి.

పల్టీ కొట్టేది బ్రేకు వల్ల కాదు, దాన్ని ఒక్కసారిగా బిగించడం వల్ల, చేతులు వదులుగా ఉండి ఒళ్లు ముందుకి తూలడం వల్ల. బండ్లు లేని చదును మైదానంలో నేర్చుకోండి. ముందు ఏ లివరు ఏ చక్రానిదో తేల్చుకోండి. మన దగ్గర చాలా సైకిళ్లకి కుడి లివరు ముందు చక్రానిది, కానీ అన్నిటికీ కాదు. 15 వేగంతో వస్తూ సుద్దముక్కతో గీసిన గీత దగ్గర బ్రేకు మొదలుపెట్టండి. రెండు పెడళ్లూ సమానంగా నేలకి అడ్డంగా ఉంచి, సీటు నుంచి కొంచెం లేచి నడుమును వెనక్కి నెట్టండి, మోచేతులు గట్టిగా ఆనించండి. ముందు లివరును పిండినట్టుగా నెమ్మదిగా మొదలుపెట్టి బలం పెంచుతూ పోండి. వెనక చక్రం జారడం మొదలైందంటే ముందు బ్రేకును కాస్త వదలమని అది చెబుతోంది. ఆగిన చోట మరో గీత గీయండి. రోజూ ఆ రెండు గీతల దూరం కొలుస్తూ, తగ్గుతుంటే వేగం 20కి, 25కి పెంచండి.

ముందు బ్రేకును తేలిగ్గా తప్ప వాడకూడని చోట్లు రెండే: మలుపులో సైకిల్ ఒరిగి ఉన్నప్పుడు, చక్రం కింద ఇసుకో కంకరో ఉన్నప్పుడు. మలుపుకి కావలసిన బ్రేకంతా మలుపుకి ముందే అయిపోవాలి. 10 మీటర్ల వ్యాసార్ధం ఉన్న హెయిర్‌పిన్ మలుపులో పొడి రోడ్డు మీద 25 వేగం సౌకర్యంగా ఉంటుంది. అదే మలుపులో వాన కొట్టుకొచ్చిన ఇసుక ఉంటే 18 దాటకండి. బయటివైపు పెడల్ కిందికి దించి దాని మీద బరువు వేయండి, చూపు మలుపు చివర మీద పెట్టండి. మలుపు అవతల ఏముందో కనబడకపోతే, కనిపిస్తున్న దూరంలో సగంలోనే ఆగగలిగిన వేగం చాలు. మిగతా సగం ఎదురుగా వచ్చే బస్సుది.

ప్రశ్న: అరకు నుంచి దిగుతుంటే 55 వేగంలో హ్యాండిల్ దానంతటదే అటూ ఇటూ ఊగిపోయింది. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత ఎక్కువైంది. ఎందుకు? అప్పుడేం చేయాలి?
— విశాఖపట్నం పాఠకుడు

జవాబు: గట్టిగా పట్టుకోవడమే దాన్ని పెంచింది. ఒక్కో సైకిల్ ఒక్కో వేగంలో ఊగే గుణం కలిగి ఉంటుంది. చిన్న గుంటో, పక్క గాలో, చలికి వణికే చేతులో దాన్ని మొదలుపెడతాయి. బిగుసుకున్న చేతులు ప్రతి ఊపునీ తిరిగి ఫ్రేములోకి పంపుతాయి.

అప్పుడు చేయాల్సింది వరసగా ఇది: రెండు మోకాళ్లతో సీటు ముందుండే పైపును గట్టిగా నొక్కండి. ఊపు తగ్గించడంలో దీన్ని మించింది లేదు. సీటు మీది బరువును కొంత పెడళ్ల మీదికి మార్చండి. పట్టు వదలకుండా వేళ్లు సడలించండి. వెనక బ్రేకు నెమ్మదిగా. ముందు బ్రేకును ఒక్కసారిగా పట్టుకోవద్దు.

ఇంటికొచ్చాక వెతకండి. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. హ్యాండిల్ కింద, ఫ్రేము కలిసేచోట వేలు ఆనించి చూస్తే టక్కుమని కదలిక తెలిస్తే అక్కడి బేరింగు వదులు. చక్రాన్ని పక్కకి ఊపి చూస్తే, దాని మధ్యలోని హబ్బు వదులుగా ఉందేమో తెలుస్తుంది. చక్రం ఎత్తి తిప్పి బ్రేకు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య సందు చూడండి. సందు మారుతూ ఉంటే చువ్వలు సరిచేయించాలి. వెనక క్యారియర్‌కి ఒకవైపే సంచి కట్టుకున్నా ఇదే జరుగుతుంది.

ప్రశ్న: నేను 9వ తరగతి. హైవే మీద లారీ వెనకాలే వెళ్తే తొక్కకపోయినా స్పీడు వస్తోంది. అమెరికాలో ఒకామె కారు వెనక సైకిల్ మీద 296 వేగంతో వెళ్లిందని వీడియోలో చూశాను. మరి నేను 40లో వెళ్తే తప్పేంటి?
— సూర్యాపేట

జవాబు: తమ్ముడూ, లారీ గాలిని చీల్చుకుంటూ పోతుంది కాబట్టి దాని వెనక నీకు తేలిగ్గా ఉంటుంది. నిజమే. నువ్వు చూసింది డెనిస్ ముల్లర్-కొరెనెక్‌ని. 2018లో బాన్‌విల్ ఉప్పు మైదానంలో ఆమె ఆ వేగం అందుకుంది. అక్కడ మైళ్ల తరబడి చదునైన నేల, గుంట లేదు, ఎదురు బండి లేదు. ముందున్న బండి వెనక గాలి తగలకుండా కవచం కట్టారు. డ్రైవర్‌కి ఆమెను చూసుకుంటూ నడపడమే పని. సైకిల్ కూడా దానికోసమే తయారుచేశారు.

నీ ముందున్న లారీ డ్రైవర్‌కి నువ్వున్నట్టే తెలియదు, అద్దంలో కనపడవు. రెండు మీటర్ల దూరంలో 40 వేగంతో ఉంటే, లారీ కింద నుంచి గుంట బయటపడిన క్షణం నుంచి నీ చక్రం దాన్లో పడేదాకా ఉన్న సమయం సెకనులో అయిదో వంతు కూడా కాదు. నీ చెయ్యి లివరు దగ్గరికి కూడా పోదు. లారీ గట్టిగా బ్రేకు వేస్తే నీ తల తగిలేది దాని వెనక డాలాకి. ట్రాక్టర్ ట్రాలీ పట్టుకుని వెళ్లడం ఇంకా ఘోరం, ఒక చేత్తో బ్రేకు ఎలా వేస్తావు? ఈ రెండూ ఇవాళ్టితో మానెయ్యి. వేగం మీద ఇష్టం మాత్రం మానకు, ఆఖరి జవాబు నీకోసం కూడా.

ప్రశ్న: మా అబ్బాయికి ఇంట్లో ఉన్న మోటార్‌సైకిల్ హెల్మెట్ చాలా? వాడు అసలు హెల్మెటే అక్కర్లేదంటున్నాడు.
— ఒక తల్లి, వరంగల్

జవాబు: అక్కరుందమ్మా. 1995 టూర్ డి ఫ్రాన్స్‌లో ఇటలీ రైడర్ ఫాబియో కాసార్టెల్లి పోర్టే దాస్పే కనుమ దిగుతూ పడి, తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. హెల్మెట్ లేదు. 2003లో ఆండ్రీ కివిలెవ్ కూడా అలాగే పోయాక ప్రొఫెషనల్ రేసుల్లో హెల్మెట్ తప్పనిసరి చేశారు.

మోటార్‌సైకిల్ హెల్మెట్ దెబ్బ ఆపుతుంది, కానీ చెవులు మూస్తుంది, ఎక్కేటప్పుడు ఉడికిస్తుంది. పిల్లలు తీసి హ్యాండిల్‌కి తగిలించి, దిగేటప్పుడు పెట్టుకోవడం మరిచిపోతారు. సైకిల్ హెల్మెట్టే కొనండి, లోపల ఈఎన్ 1078 (యూరప్ ప్రమాణం) లేదా సీపీఎస్సీ (అమెరికా ప్రమాణం) గుర్తు చూడండి. కనుబొమ్మలకి రెండు వేళ్ల పైన కూర్చోవాలి, పట్టీ గడ్డం కింద ఒక్క వేలు పట్టేంత బిగువుండాలి. ఒకసారి గట్టిగా పడ్డాక లోపలి నురుగు నలిగిపోతుంది, పైకి బాగానే కనిపించినా మార్చేయాలి.

అబ్బాయికి ఇది కూడా చెప్పండి. ఈఎన్ 1078లో చదును దిమ్మె మీద చేసే పరీక్ష సెకనుకి 5.42 మీటర్ల వేగంతో, అంటే దాదాపు ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి పడినప్పటి దెబ్బతో. 60 వేగంలో గోడకి కొట్టుకోవడానికి కాదు ఆ హెల్మెట్. 2023 జూన్‌లో టూర్ డి స్విస్ రేసులో అల్బులా కనుమ దిగుతూ లోయలో పడిన గీనో మేడర్ 26 ఏళ్లకే పోయాడు. ఆనాటికి రేసులో అందరూ హెల్మెట్ పెట్టుకునేవాళ్లే.

ప్రశ్న: రేసుల్లో సీటు దిగి ముందు పైపు మీద కూర్చుని దూసుకెళ్లేవారు. మేమూ చేయొచ్చా?
— హైదరాబాద్

జవాబు: వద్దు. 2021 ఏప్రిల్ నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య దాన్ని రేసుల్లోనే నిషేధించింది. అలా కూర్చుంటే బరువంతా ముందుకి వస్తుంది, ఒళ్లు కదిపి సైకిల్‌ని అదుపు చేసే వీలు పోతుంది. చిన్న గుంట చాలు.

ప్రశ్న: మా నాన్నగారి పాత రాడ్ బ్రేకుల సైకిల్ వానలో అసలు ఆగదు. రబ్బర్లు కొత్తవే.
— రాజమహేంద్రవరం

జవాబు: లోపం రబ్బర్లది కాదు, మెరిసే స్టీలు రిమ్ములది. నునుపైన స్టీలు తడిస్తే రబ్బరు దాని మీద జారిపోతుంది, పట్టు పొడి రిమ్ము మీద ఉండేదాంట్లో చిన్న భాగమే మిగులుతుంది. బ్రేకు వేసిన మొదటి చుట్లు నీళ్లు తుడవడానికే సరిపోతాయి. కాబట్టి డౌన్ మొదలవకముందే బ్రేకును తేలిగ్గా ఆనించి రిమ్ము తుడుచుకోండి, వేగం పుట్టనివ్వకండి. ఫ్లైఓవర్ లాంటి చోట వానలో దిగి నడిపించుకురావడం నామోషీ కాదు. అల్యూమినియం రిమ్ములు దొరికితే వేయించండి, తడిలో చాలా మెరుగు. తొలకరి జల్లుకి రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జిగటగా తేలతాయి. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, రైలు పట్టాల మీద ఒరగకుండా తిన్నగా దాటండి.

ప్రశ్న: ఏ భయం లేకుండా పూర్తి వేగంతో తొక్కే చోటు మన దగ్గర లేదా?
— ఘట్‌కేసర్

జవాబు: హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన దారి మీదికి సైకిళ్లకి అనుమతి లేదు. దాని పక్కన 2023లో వేసిన సౌర ఫలకాల కప్పున్న 23 కిలోమీటర్ల ట్రాక్ బాగుంటుంది, కానీ అక్కడ పిల్లలు, కొత్తగా నేర్చుకునేవాళ్లు ఉంటారు. సాధన చేయొచ్చు, పరుగు పందెం పెట్టకూడదు.

వేగానికి సరైన చోటు వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందేల కోసం వాలుగా కట్టిన చుట్టు ట్రాక్. 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కట్టినది ఉంది. ట్రాక్ సైకిల్‌కి బ్రేకులుండవు, ఫ్రీవీలుండదు, చక్రం తిరుగుతున్నంతసేపూ పెడల్ తిరగాల్సిందే. అయినా రోడ్డు కంటే నయం, ఎందుకంటే అందరూ ఒకే దిక్కులో వెళ్తారు, గుంటలు లేవు, ఎవరూ హఠాత్తుగా ఆగరు. 2022లో ఇటలీ రైడర్ ఫిలిప్పో గాన్నా గంటలో 56.792 కిలోమీటర్లు తొక్కిందీ స్విట్జర్లాండ్‌లో ఇలాంటి ట్రాక్ మీదే. కోచ్ అనుమతి లేకుండా దిగకండి. మొదట లోపలి చదును పట్టీ మీద తిరిగి వేగం పుంజుకోండి, తర్వాతే వాలు మీదికి ఎక్కండి. వాలు మీద నెమ్మదిస్తే చక్రం కిందికి జారుతుంది. పైకి మళ్లే ప్రతిసారీ కుడి భుజం మీదుగా వెనక్కి చూడండి. ఆపాలనుకున్నప్పుడు పెడల్ బిగపట్టకండి, బలం తగ్గిస్తూ రెండు మూడు చుట్లు తిరిగి, చదును పట్టీ మీదికి దిగాక ఆగండి.