60 గజాల్లో ఐదుగురికి, ముందు ముందు మార్చుకోడానికి వీలుగా ఇల్లు ఎలా కట్టుకోవాలి?

60 గజాల్లో ఐదుగురు ఉండాలి, రేపు అవసరం మారితే పగలగొట్టకుండా మార్చుకోవాలి, ఏసీ లేకుండా గడవాలి అన్నారు కదా. మేం హైదరాబాద్‌లో బోడుప్పల్ వైపు సరిగ్గా అంతే జాగాలో, 18 బై 30 అడుగుల్లో కట్టుకున్నాం అండి, నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్య. ఆరేళ్లైంది, చేసిన తప్పులతో సహా చెప్తా.

మా మేస్త్రీ హాలు, బెడ్రూం, కిచెన్ అని గీసేసి మధ్యలో నాలుగున్నర అంగుళాల గోడ లేపేశాడు. బెడ్రూం అని పేరు పెట్టాం కాబట్టి అది పగలంతా ఖాళీ, హాల్లోనేమో పిల్లల పుస్తకాలు, అత్తయ్య మంచం, ఎవరైనా వస్తే కూర్చోబెట్టే చోటే లేదు. రెండేళ్లకి ఆ గోడ కొట్టించేశాం. పిల్లర్ల ఇల్లు, బరువంతా పిల్లర్లూ బీములే మోస్తాయి కాబట్టి కుదిరింది, గోడల మీదే స్లాబు నిలబడే ఇల్లయితే మాత్రం ఇంజనీర్‌ని అడక్కుండా ఒక్క ఇటుక కూడా కదపొద్దు.

ఆ గోడ బదులు స్లైడింగ్ తలుపు పెట్టించాం. మొదట కింద కూడా ఛానెల్ వేశారు, దాన్నిండా దుమ్ము, మెతుకులు, అత్తయ్య వాకర్ కాలు దాంట్లో ఇరుక్కునేది, ఒకరోజు తూలి పడబోయారు. ఆ వారమే తీయించేసి పై ట్రాక్‌కి వేలాడే రకం పెట్టించాం, నేల సాఫ్‌గా ఉంది ఇప్పుడు. తెల్లారి తలుపు నెట్టేస్తే 16.5 అడుగుల వెడల్పున మొత్తం ఒకటే గది, మంచం గోడకి మడిచేస్తాం, మావారు అక్కడే లాప్‌టాప్ పెట్టుకుంటారు, సాయంత్రం పిల్లల చదువులు, రాత్రి పడక.

ఇలా వాడుకోవాలంటే ప్లగ్ పాయింట్లు నాలుగు గోడలకీ ఉండాలి. గోడ కట్టేటప్పుడే కరెంటు వైర్ల పైపు వేయించండి, తర్వాత గోడ చెక్కించడం నరకం అండి. లింటెల్ బీమ్ (తలుపులు, కిటికీల పైన వేసే కాంక్రీటు పట్టీ) కూడా ఇల్లంతా ఒకే లెవల్లో చుట్టూ వేయిస్తే రేపు తలుపో కిటికీయో ఇంకో చోట తెరుచుకోవచ్చు. మార్చలేనివి నీళ్ల పైపులే, అందుకే కిచెనూ బాత్రూమూ ఒకదానికొకటి ఆనుకుని, పై అంతస్తులో కూడా సరిగ్గా వాటి మీదే రావాలి. లెట్రిన్, స్నానాల గది, చేతులు కడుక్కునే బేసిన్ మూడూ విడివిడిగా పెట్టండి, పొద్దున్నే స్కూల్ హడావిడిలో ఒకేసారి ముగ్గురికి పని అవుతుంది.

మెట్లు మాత్రం బయటి నుంచే పెట్టండి, దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. మేం ఇంటి ముందు వదిలిన ఐదడుగుల్లోనే మెట్లు వేసుకున్నాం, మెట్ల కింద బండి, మోటారు. పైపోర్షన్ అద్దెకి ఇచ్చాం, రేపు మా పెద్దోడికి పెళ్లయితే వాడికే, ఇల్లు కొత్తగా ఏమీ మార్చక్కర్లేదు.

ఎండ సంగతి. పడమటి గోడ సాయంత్రం నాలుగింటికి చెయ్యి పెట్టలేనంత కాలేది, అటు అల్మారాలు వరసగా పెట్టించాక చాలా తగ్గింది. డాబా మీద తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించాం, డబ్బులు సరిపోకపోతే సున్నం అయినా వేయండి, కాకపోతే ఏటా వేసుకోవాలి. మా అమ్మమ్మ వాళ్ల మండువా ఇంట్లో మధ్యలో ఆకాశం కనపడేది, వేడిగాలి పైకే పోయేది. అదే గుర్తొచ్చి పైపోర్షన్ స్లాబులో, దాని కింద మా స్లాబులో కూడా రెండడుగుల ఖాళీ వదిలి పైన జాలీ, వాన పడకుండా చిన్న కప్పు పెట్టించాం. మే నెలలో కూడా కూలర్‌తో నెట్టుకొస్తున్నాం.

తెలంగాణలో 2020 టీఎస్ బీపాస్ (ఇళ్లు కట్టుకోడానికి ఇచ్చే అనుమతుల) చట్టం ప్రకారం 75 గజాల లోపు, గ్రౌండ్ ప్లస్ వన్ వరకు పర్మిషన్ అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో 1 రూపాయితో రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, అది మాత్రం మర్చిపోవద్దు. ఇంతకీ మీ ప్లాట్ ఏ ఫేసింగ్, రోడ్డు ఎటువైపు? అది చెప్తే మెట్లు ఎక్కడ రావాలో చెప్తా.