రాసిన చేత్తోనే కొట్టెయ్

ప్రియమైన తమ్ముడికి,

నీ సీరియల్ మొదటి ఎపిసోడ్ రెండుసార్లు చదివాను. మాటలు బాగా వచ్చాయి. కానీ ప్రతి పాత్రా మనసులో ఉన్నదంతా బయటికి చెప్పేస్తోంది. నువ్వే రాసి నువ్వే డైరెక్ట్ చేస్తానంటున్నావు కదా, మరి డైరెక్టర్‌కి ఏం మిగిల్చావు?

మూడో సీన్ చూడు. తల్లి కొడుకుతో "నీ మీద నమ్మకం పోయింది" అంటుంది. ఆ మాట తీసెయ్. కొడుకు గదిలోకి రాగానే ఆమె బీరువాకి తాళం వేసి, తాళంచెవి తన దగ్గర పెట్టుకుంటే చాలు. ఆ చెయ్యి, ఆ తర్వాత కొడుకు మొహం. రెండు షాట్లు. టీవీ మొహాల మీద నడుస్తుంది. 1973లో స్వీడన్ టీవీ కోసం ఇంగ్‌మర్ బెర్గ్‌మన్ ఆరు భాగాల్లో ఒక భార్యాభర్తల కథ రాసి తీశాడు. చాలావరకు గదుల్లో ఇద్దరు మనుషులే. మాటలు బోలెడున్నాయి, అయినా మనం చూస్తూ ఉండేది ఆ మాట వింటున్న మనిషి మొహాన్ని.

షూటింగ్ కథ వరసలో జరగదు. ఒకే ఇంట్లో జరిగే సీన్లన్నీ కలిపి తీసేస్తారు. పొద్దున విడాకుల సీన్, మధ్యాహ్నం పెళ్లిచూపులు తీయాల్సి రావచ్చు. ఏ సీన్‌కి ముందు పాత్రకి ఏం తెలుసు, ఏం తెలియదు అన్నది నటులు నిన్నే అడుగుతారు. స్క్రిప్టు మార్జిన్‌లో ప్రతి సీన్ పక్కనా అది రాసి పెట్టుకో. టెన్షన్‌లో గుర్తుండదు. "రాత్రి, వాన, జనం" అని ఒక్క లైన్ రాయడం తేలికే, తీయడానికి రాత్రంతా పడుతుంది. ఆ లైన్ నిజంగా కావాలో లేదో రాసేటప్పుడే తేల్చుకో.

అన్నీ ఒక్కడివే రాయాలని పట్టు పట్టకు. అమెరికన్ టీవీ రచయిత రాడ్ సెర్లింగ్ అంతటివాడు కూడా 1959 నుంచి 1964 దాకా వచ్చిన తన సీరియల్ 'ది ట్విలైట్ జోన్' 156 ఎపిసోడ్లలో 92 రాసి, మిగతావి వేరేవాళ్లకి వదిలాడు. 92 అంటేనే నాకు భయమేస్తుంది!

కుదిరితే కొన్నాళ్లు ఒక ఎడిటర్ పక్కన కూర్చో. ఏ డైలాగ్ ముందు ఎగిరిపోతుందో కళ్లారా చూస్తావు.

మూడో సీన్ డైలాగ్ లేకుండా మళ్లీ రాసి పంపు. అవసరమైన మాటలు ఆ తర్వాత ఇద్దరం కలిసి పెడదాం.

ప్రేమతో,
మీ అన్నయ్య