650 వాట్ల ఎస్ఎంపీఎస్ పెడితే కరెంటు బిల్లు వాచిపోతుందా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: అనంతపురంలో ఇంటికి ఐ5-12400ఎఫ్ ప్రాసెసరు, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుతో కంప్యూటరు సిస్టమ్ కట్టించుకున్నావు. దానికి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ డబ్బా మీద 650 వాట్లు అని చూసి మీ నాయన రోజుకు ఎనిమిది గంటలకు ఐదు యూనిట్లని లెక్కగట్టాడు. ఏప్రిల్ బిల్లు వచ్చాక గొడవ ముదిరింది. ఉన్న బ్రాంజ్ రేటింగు ఎస్ఎంపీఎస్ తీసేసి, కరెంటు ఇంకా తక్కువ వృథా చేసే గోల్డ్‌ది వేయిస్తే తగ్గుతుందా, 600 వీఏ యూపీఎస్ చాలుతుందా అని నీ ప్రశ్న.

మీ నాయన గుణకారంలో తప్పేమీ లేదు. కానీ 650 అనేది ఆ డబ్బా లోపలి సామానుకు గరిష్ఠంగా ఇవ్వగలిగింది, రోజూ కాల్చేది కాదు. గుండిగ పెద్దదైనంత మాత్రాన బియ్యం ఎక్కువ పడవు కదా. ప్రాసెసరు, కార్డు, డిస్కు ఎంత అడిగితే అంతా, దాని మీద కాస్త తరుగూ కలిపి గోడలోంచి లాగుతుంది.

నాది కర్నూల్లో డీటీపీ, ఫ్లెక్సీ డిజైన్ల షాపు. సిస్టమ్‌లు పొద్దున ఆన్ చేస్తే రాత్రి షట్టరు దించేదాకా ఆగవు, అదీ కమర్షియల్ మీటరు మీద. కాబట్టి ఈ లెక్కలు నాకు తప్పవు.

నీ ప్రాసెసరుకు ఇంటెల్ రాసిన బేస్ పవర్ 65 వాట్లు, వేగం పెంచుకునే టర్బోలో గరిష్ఠం 117. కార్డు 170. గేమ్ ఆడేటప్పుడు రెండూ ఒకేసారి పూర్తిగా ముదరడం అరుదు. గోడ దగ్గర చూస్తే 250 నుంచి 280 మధ్య ఉంటుంది. ఊరికే బ్రౌజర్ తెరిచి కూర్చుంటే 50, 60. మానిటరుకు ఇంకో 25 వేసుకో. మూడు గంటలు గేమ్, ఐదు గంటలు మామూలు పని అనుకున్నా రోజుకు ఒకటిన్నర యూనిట్ దాటదు. నెలకు 40, 45 యూనిట్లు.

నా మాట నమ్మనక్కర్లేదు, మీ నాయన ముందే కొలిచి చూపించు. వాట్ మీటరు కొనాల్సిన పని కూడా లేదు. ఇంటి కరెంటు మీటరు మీద ఎర్ర లైటు ఒకటి మిణుకుమిణుకుమంటుంటుంది చూశావా? దాని పక్కనే 3200 అనో 1600 అనో ఇంపల్సులు రాసి ఉంటాయి. 3200 అంటే ఆ లైటు అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ తిరిగినట్టు. ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు అన్నీ ఆపేసి సిస్టమ్ ఒక్కటే ఉంచు. ఒక మెరుపును సున్నా అనుకుని, అక్కణ్నుంచి పదో మెరుపు దాకా ఎన్ని సెకన్లో ఫోన్‌లో చూసుకో. 11,250ని ఆ సెకన్లతో భాగిస్తే వచ్చేది వాట్లు. 1600 మీటరైతే 22,500ని భాగించాలి. మా షాపులో ఆదివారం పూట షట్టరు సగం దించి ఇదే చేశాం. పిల్లోడు బయట మీటరు కింద నిలబడి అరుస్తూ లెక్కపెడుతుంటే నేను లోపల ఫైళ్లు తెరుస్తూ మూస్తూ కూర్చున్నా. 3200 మీటరు మీద నీ సిస్టమ్ ఖాళీగా ఉంటే పది మెరుపులకు రెండు నిమిషాల పైన పట్టాలి, గేమ్ పెడితే 40 సెకన్ల దగ్గర్లో అయిపోవాలి.

మరి ఏప్రిల్ బిల్లు ఎందుకు పెరిగిందంటావా? ఆ నెలలోనే కూలరు కిందికి దిగింది, ఫ్రిజ్ కంప్రెసరు ఆగకుండా తిరిగింది, ఏసీ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. పైగా 2022 ఏప్రిల్‌లో పెట్టిన ఇంటి శ్లాబుల ప్రకారం 126 నుంచి 225 దాకా యూనిట్ ఆరు రూపాయలుంటే, 226 నుంచి ఏకంగా 8.75. నీ 40 యూనిట్లు ఆ గీత దాటాక పడితే 350 రూపాయల పైమాటే. కాబట్టి నీ సిస్టమ్‌కేమీ సంబంధం లేదని వాదించొద్దు, నెగ్గవు.

ఇక గోల్డ్ సంగతి. ఈ రేటింగులు ఇచ్చే 80 ప్లస్ పరీక్షలో, 115 వోల్టుల దగ్గర, సగం లోడు మీద, గోడ నుంచి లాగినదాంట్లో బ్రాంజ్ 85 శాతం, గోల్డ్ 90 శాతం లోపలికి ఇవ్వాలి. లోపల 200 వాట్లు కావాలంటే బ్రాంజ్ గోడ నుంచి 235 లాగుతుంది, గోల్డ్ 222. తేడా 13 వాట్లు. రోజుకు ఎనిమిది గంటలూ ఆ లోడు మీదే నడిపినా నెలకు మూడు యూనిట్లు, అంటే 27 రూపాయలు. గోల్డ్‌కు మూడు వేలు అదనంగా పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు పడుతుంది. వద్దు.

అయితే నీది నిజంగా బ్రాంజేనా, డబ్బా మీద అంకె మాత్రమేనా అన్నది చూడు. మా షాపుకు ఒకాయన తెచ్చిన సిస్టమ్‌లో డబ్బా మీద పెద్దక్షరాలతో 450 అని ఉంది. పక్కన అంటించిన స్టిక్కరు మీద 12 వోల్టుల లైనుకు 18 ఆంపియర్లు. గుణిస్తే 216 వాట్లు. ప్రాసెసరూ కార్డూ తినేది దాదాపు అంతా ఆ 12 వోల్టుల లైనులోంచే, మిగిలిన అంకెలు ఉత్త అలంకారం. తూకానికి తేలిగ్గా ఉంది, వెనక పాతకాలపు వోల్టేజీ మార్చే ఎర్ర స్విచ్చు, మూత తీస్తే రెండు కెపాసిటర్లు పైన ఉబ్బి ఉన్నాయి. అలాంటిదైతే బిల్లు సంగతి పక్కన పెట్టి కార్డు బతికి ఉండాలంటే వెంటనే మార్చెయ్. ఇంకో మాట, 80 ప్లస్ పరీక్ష జరిగేది 23 డిగ్రీల దగ్గర. మే నెలలో మన గదులు ఆ మొహం చూస్తాయా? అందుకే కొనేటప్పుడు 40 లేదా 50 డిగ్రీల దగ్గర పూర్తి వాట్లు ఇస్తుందని రాసినదాన్నే తీసుకుంటా నేను.

నిజంగా డబ్బు మిగిలేది వాడనప్పుడు. రాత్రంతా డౌన్‌లోడ్ పెట్టి మానిటరుతో సహా వదిలేస్తే 80 వాట్లు, 14 గంటలు, నెలకు 33 యూనిట్ల పైన, దగ్గర దగ్గర 300 రూపాయలు. స్లీప్‌లో పెడితే అదే సిస్టమ్ అయిదు వాట్లలోపే. ఆ డౌన్‌లోడ్లేవో నువ్వు కూర్చున్నప్పుడే పెట్టుకో. కార్డుకు ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 80 శాతానికి దించు. స్పీడు తగ్గేది అయిదారు శాతం, కంటికి ఆనదు. చిప్ లోపల కాలే కరెంటు వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది, చివరి కొసరు స్పీడు కోసం పెంచే వోల్టేజీకే ఎక్కువ పోతుంది. లాగిన ప్రతి వాటూ చివరికి గదిలో వేడి అవుతుంది కాబట్టి ఎండాకాలం ఈ పనికి రెండింతల ఫలం.

600 వీఏ యూపీఎస్ అంటే మామూలుగా 360 వాట్లు. గేమ్ మధ్యలో కరెంటు పోతే సేవ్ చేసి ఆపుకునే నిమిషాలు దొరుకుతాయి, ఆడుతూ కూర్చునేంత కాదు. లేజర్ ప్రింటరుంటే దాన్ని మాత్రం యూపీఎస్‌కు తగిలించొద్దు, కాగితం వేడెక్కించే రోలరు ఒక్కసారిగా వందల వాట్లు లాగి ట్రిప్ చేస్తుంది. ముందు నీ ఎస్ఎంపీఎస్ స్టిక్కరు ఫోటో పెట్టు, 12 వోల్టుల లైను చూసి ఉంచాలో మార్చాలో చెప్తా.