మోకాళ్ల నొప్పులకు గంజాయి లోషన్ ఇంట్లో చేసుకోవచ్చా? చేసిన క్రీము ఎందుకు విడిపోతోంది?

మీరు అడిగినవి రెండు. వీడియోల్లో చూపించినట్టు గంజాయి ఆకు కొబ్బరినూనెలో కాచి అమ్మగారి మోకాళ్లకు లోషన్ చేయొచ్చా అన్నది ఒకటి. తేనెమైనం, రోజ్‌వాటర్ కలిపి చేసిన క్రీము మూడో రోజుకే నీళ్లు వదిలి, వారం తిరిగేసరికి పైన నల్లచుక్కలు ఎందుకు వచ్చాయన్నది రెండోది. మొదటిదానికి జవాబు చిన్నది. అసలు పనంతా రెండోదాంట్లో ఉంది.

గంజాయి వద్దండీ. ఆ వీడియోలు చట్టం ఒప్పుకునే చోట్ల తీసినవి. మన దగ్గర మత్తుమందులను అడ్డుకునే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. పూత, కాయ ఉన్న కొసల్ని అది గంజాయి అంటుంది. వాటిని దేంట్లో కలిపినా ఆ మిశ్రమమూ ఆ చట్టం కిందకే వస్తుంది, కాబట్టి నూనెలో కాచేశాం, ఇప్పుడిది మందు అంటే చెల్లదు. కిలో లోపు దొరికినా ఏడాది వరకు జైలు, పదివేల దాకా జరిమానా, లేదంటే రెండూ. పెరట్లో మొక్క పెంచితే శిక్ష పదేళ్ల వరకు పోతుంది. కొసలు లేని ఉత్త ఆకు ఆ నిర్వచనంలోకి రాదని కొందరు చెబుతారు. ఆ వాదన మీరు చెప్పేది కాదు, వకీలుకు ఫీజు కట్టి కోర్టులో చెప్పించేది. నెల్లూరు మీదుగా చెన్నై పోయే బస్సుల్లో సంచులు ఎందుకు విప్పిస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు.

పోనీ అంత గొప్పగా పని చేస్తుందా అంటే, అందులోని పదార్థాలు నూనెలో కరిగే రకం. రాస్తే చాలావరకు చర్మం పైపొరలోనే ఆగిపోతాయి, మోకాటి కీలు దాకా దిగేది తక్కువ. అలాంటి క్రీముల్లో వెంటనే హాయి అనిపించేది ఎక్కువగా పుదీనా పువ్వు (అంటే మెంథాల్ పలుకులు), కర్పూరం, వాటికి తోడు పది నిమిషాల మర్దన. ఆ మూడూ మనకు చట్టం జోలికి పోకుండానే దొరుకుతాయి.

హెంప్ (గంజాయి జాతి మొక్కే) గింజల నూనె వేరే సంగతి. గింజను, గింజ నూనెను 2021లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహారంగా ఒప్పుకుంది, ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అందులో మత్తు పదార్థం లేనట్టే, నొప్పి తగ్గించే గుణం కూడా పెద్దగా ఆశించకండి. పొడి చర్మానికి మంచి నూనె, అంతే. వేడికి తొందరగా కంపు కొడుతుంది కాబట్టి కాచకూడదు. ఎండాకాలం ఫ్రిజ్‌లోనే ఉంచాలి.

కీళ్లకు మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతంలో నమ్మదగింది వావిలాకు. కాలవ గట్ల మీద, చేల కంచెల్లో, పెన్నా ఒడ్డున కావలసినంత ఉంటుంది. బాలింతలకు నీళ్లు కాచి పోసేది ఈ ఆకుతోనే. రోడ్డు పక్కదీ, మందు కొట్టే చేల గట్టుదీ కోయకండి.

ఇక నూనె తీయడం. దీనికి రెండు దారులున్నాయి.

తేలికైనది ఎండు ఆకుతో. ఆకును నీడలో ఆరబెట్టాలి. పిడికిట్లో నలిపితే గలగలమని పొడి కావాలి, ఈనె పుటుక్కున విరగాలి. ఈనె వంగుతుంటే ఇంకా తడి ఉన్నట్టు. లోపల పొదిలి, కనిగిరి వైపు త్వరగా ఆరుతుంది గానీ కావలి, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో గాలిలో తేమకు ఆలస్యం. అక్టోబరు, నవంబరు ముసురు రోజుల్లో ఆ పనే పెట్టుకోకండి, ఆకు ఆరకముందే బూజు పడుతుంది. ఆరిన ఆకు 50 గ్రాములు బరకగా దంచి, 400 గ్రాముల గానుగ నువ్వుల నూనెలో వేయాలి. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి, అందులో నూనె ఉన్న స్టీలు దబర నిలబెట్టి, సన్న సెగ మీద మూడు గంటలు ఉంచాలి. నూనె 60, 65 డిగ్రీల దగ్గర ఉంటే చాలు, అంటే వేలు పెట్టలేనంత వేడి, కానీ పొగ గానీ బుడగ గానీ రాకూడదు. పల్చటి తెల్లగుడ్డలో వడకట్టి, పిండి, రాత్రంతా కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. పైనూనె మాత్రం వంచుకోండి. ఆకు కొంత పీల్చుకుంటుంది కాబట్టి పెట్టిన నూనె అంతా తిరిగి రాదు. కక్కుర్తిపడి ఆ అడుగు మడ్డి కూడా కలిపారా, డబ్బా మొత్తం చెడిపోయేది అక్కడి నుంచే.

రెండోది పాతకాలం తైలపాకం. శ్రమ ఎక్కువ, వాసన, రంగు బాగా దిగుతాయి. అర కిలో పచ్చి ఆకును నాలుగు లీటర్ల నీళ్లలో వేసి ఒక లీటరయ్యేదాకా మరిగించి వడకట్టాలి. పావు లీటరు నువ్వుల నూనె, ఈ లీటరు కషాయం, 60 గ్రాముల వావిలాకు ముద్ద, ఈ మూడూ కలిపి కాచాలి. ముద్దకు నాలుగింతలు నూనె, నూనెకు నాలుగింతలు కషాయం అన్నది ఆయుర్వేదం లెక్క. గిన్నె పెద్దది తీసుకోండి, చివర్లో నురుగు పొంగుతుంది. అడుగు అంటకుండా చెక్క గరిటెతో గీకుతూ ఉండాలి.

ఎప్పుడు దించాలన్నదే ఇందులో విద్య. నీళ్లు ఉన్నంతసేపూ పెద్ద పెద్ద బుడగలు వస్తాయి, ముద్ద బురదలా గరిటెకు అంటుకుంటుంది. నీళ్లు తగ్గేకొద్దీ బుడగ చిన్నదై, నూనె పైన తెల్లటి సన్న నురుగు పరుచుకుంటుంది. (నెయ్యి కాచేటప్పుడు దీనికి తిరగ్గా, నురుగు అణిగితే పాకం అయినట్టు.) అప్పుడు కాస్త ముద్ద తీసి, ఆరనిచ్చి, బొటనవేలు, చూపుడువేలు మధ్య నలపండి. ఒత్తిలా సాగితే దగ్గరికొచ్చినట్టు. ఆ ఒత్తిని మంటకు చూపిస్తే చిటపటలాడకుండా కాలాలి. చిటపటమంటే నీళ్లు ఇంకా ఉన్నాయి. పైపూతకు ఇంకాస్త ముదర, అంటే ముద్ద గట్టిపడి ఇసకలా రాలే దాకా కాచుకోవచ్చు, దాన్నే ఖరపాకం అంటారు. నల్లగా మాడిందంటే మాత్రం దాటిపోయింది, పనికిరాదు. థర్మామీటరు ఉంటే, వంద దగ్గర ఆగి ఉన్న ముల్లు 105, 110కి కదలడం మొదలుపెట్టగానే పొయ్యి కట్టేయండి. వేడి మీదే వడకట్టాలి. ఆరిపోతే ముద్దే నూనె తాగేస్తుంది.

ఇప్పుడు మీ క్రీము ఎందుకు చెడిందో చూద్దాం. తేనెమైనం నూనెను గట్టిపరుస్తుంది గానీ నూనెనూ నీళ్లనూ కలపదు. మిక్సీలో తిప్పినప్పుడు కలిసినట్టు కనిపిస్తుంది, నిలవ ఉంచితే విడిపోతుంది. రోజ్‌వాటర్ కూడా నీళ్లే. నీళ్లు చేరిన చోట బూజు, బాక్టీరియా తప్పవు. విటమిన్ ఈ వేశాను కదా అంటారు. అది నూనె కంపు కొట్టకుండా ఆపుతుంది, బూజును ఆపదు. పసుపు, వేపాకు రసం కూడా నిలవమందులు కావు. నల్లచుక్కలు వచ్చిన దాన్ని పైపైన తీసేసి వాడకండి, మొత్తం పారేయండి.

మోకాళ్లకైతే నా ఓటు నీళ్లు లేని బామ్‌కే. అదే ఎక్కువ కాలం నిలుస్తుంది, నిలవమందు అక్కర్లేదు, మర్దనకు జారుడు కూడా బాగుంటుంది. కాచిన నూనె 80 గ్రాములు, తేనెమైనం 20, పుదీనా పువ్వు 3, ముద్ద కర్పూరం 3. చలికాలానికి మైనం 16 చాలు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు 20కి తగ్గితే డబ్బాలో పాయసమే. హారతి బిళ్లలు వేయకండి, అవి ఒంటికి రాసుకోడానికి చేసినవి కావు. మూలికల అంగట్లో పచ్చకర్పూరం కాకుండా మందులకు వాడే కర్పూరం అని అడగండి. పుదీనా పువ్వూ అక్కడే దొరుకుతుంది.

మైనం తురిమి, నూనెతో కలిపి వేడినీళ్ల గిన్నెలో కరిగించాలి. నేరుగా మంట మీద వద్దు. కరిగిన బొట్టును ఫ్రీజర్‌లో పెట్టిన చెంచా మీద వేసి రెండు నిమిషాలాగి గోటితో గీరి చూడండి. గట్టిగా ఉంటే ఒక చెంచా నూనె, జారుతుంటే రెండు గ్రాముల మైనం. పుదీనా పువ్వు, కర్పూరం కలిపితే పొయ్యి లేకుండానే కరిగి నీళ్లలా అవుతాయి, భయపడకండి, వాటి గుణమే అంత. నూనె పక్కన పెట్టి, అంచుల్లో తెల్లగా పేరుకోవడం మొదలయ్యే ముందు, దాదాపు 55 డిగ్రీల దగ్గర ఆ కరిగిన పుదీనా పువ్వు, కర్పూరం పోసి కలిపి వెంటనే డబ్బాల్లోకి వంచాలి. మరీ వేడి మీద పోస్తే సగం ఆవిరైపోతుంది, మీ కళ్లూ మండుతాయి. పైన గుంట పడితే త్వరగా చల్లారిందని అర్థం, వాడకానికి ఇబ్బందేం లేదు.

లోషనే కావాలంటే తూకం తప్పకూడదు. చెంచాల లెక్క పనికిరాదు, 0.1 గ్రాము చూపించే చిన్న కాటా కొనండి. వంద గ్రాములకు: డిస్టిల్డ్ వాటర్ 66, గ్లిజరిన్ 4, ఇది ఒక గిన్నె. కాచిన నూనె 20, ఎమల్సిఫైయింగ్ వాక్స్ (నూనెనూ నీళ్లనూ కలిపి ఉంచే మైనం) 6, సీటైల్ ఆల్కహాల్ (చిక్కదనానికి) 2, ఇది రెండో గిన్నె. చివర్లో వేసేవి ఫినాక్సీఇథనాల్ కలిసిన నిలవమందు 1, పుదీనా పువ్వు 1. రెండు గిన్నెలనూ ఒకే వేడినీళ్ల పళ్లెంలో పెట్టి 70, 75 డిగ్రీలకు తేవాలి. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే వాక్స్ అక్కడికక్కడే పలుకులు కట్టేస్తుంది. ఎక్కువమంది లోషన్లు విరిగేది ఇక్కడే. నీళ్లను నూనెలోకి సన్నధారగా పోస్తూ హ్యాండ్ బ్లెండర్‌తో రెండు నిమిషాలు తిప్పి ఆపి, తర్వాత గరిటెతో అప్పుడప్పుడు కలుపుతూ ఉండాలి. బ్లెండర్ తల పైకి లేపితే గాలి పట్టి నురగ అవుతుంది. 40 డిగ్రీలకు దిగాక నిలవమందు, పుదీనా పువ్వు. మొదట్లో పాలలా పల్చగా ఉంటుంది, మర్నాటికి చిక్కబడుతుంది. తొందరపడి ఇంకాస్త వాక్స్ వేస్తే మర్నాడు రాయి.

నీళ్ల సంగతి మన ప్రాంతం వాళ్లకు మరీ ముఖ్యం. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో ఉప్పు, సున్నం, ఫ్లోరైడ్ ఎక్కువ. సున్నం కొన్ని రకాల వాక్సును విరగ్గొడుతుంది, సబ్బు నురగ రాకుండా చేసేది కూడా అదే. ఆ నీళ్లు కాచినా సున్నం అంతా పోదు. మందుల అంగట్లోనో లాబ్ సామాను అమ్మే చోటో డిస్టిల్డ్ వాటర్ అడగండి. బ్యాటరీ అంగట్లో కొనకండి, యాసిడ్ సీసాలూ నీళ్ల సీసాలూ అక్కడ పక్కపక్కనే ఉంటాయి. పెరటి కలబంద గుజ్జు వేయాలన్న ఆశ కూడా వద్దు, ఆ ఒక్క చెంచాతో నిలవమందు చేతులెత్తేస్తుంది.

డబ్బాలను వేడినీళ్లలో మరిగించి, తడి లేకుండా ఆరనివ్వాలి. తేదీ రాసి అతికించండి. బామ్ ఆరు నెలలు, లోషన్ రెండు నెలలకు మించి వాడకండి. తడి వేలితో తీయకూడదు. ముందు మోచేతి మడతలో కాస్త రాసి ఒక రోజు చూడాలి. గాయాల మీద, కళ్ల దగ్గర వద్దు. కర్పూరం నోట్లోకి పోతే చిన్న పిల్లలకు ఫిట్స్ వస్తాయి, కాబట్టి అందని చోట పెట్టండి, రెండేళ్ల లోపు పిల్లలకు అసలు రాయకండి. అమ్మగారు రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటుంటే వింటర్‌గ్రీన్ నూనె (నొప్పి బామ్‌లలో వేసే ఘాటు నూనె) మాత్రం కలపకండి. మోకాలు వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉండి జ్వరం కూడా ఉంటే ఇవేమీ కాదు, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మైనం అంటిన గిన్నెలు చల్లారక ముందే పాత పేపరుతో తుడిచి, తర్వాత వేడి సబ్బునీళ్లతో కడగండి. అట్లాగే సింకులో పోశారంటే గొట్టంలో గడ్డకట్టి కూర్చుంటుంది, ప్లంబరు వచ్చేదాకా కదలదు.