ఆధారం తంబురాలో కాదు, మృదంగంలో పెట్టండి

మీ కథ చదివానండి. గాయకుడి హత్య జరిగిన వేళ పక్క గదిలో సాధన చేసుకుంటున్నానంటాడు మృదంగం వాయించేవాడు. వాయిద్యం వినబడిందని ఇంటివాళ్లూ అంటారు. అది రికార్డింగని ఎలా పట్టుకోవాలన్నదే కదా మీ చిక్కు?

హిందోళ రాగానికి తంబురాలో పంచమం, అంటే ‘ప’ స్వరం, మోగిందన్న ఆధారం తీసేయండి. ఆ రాగంలో రిషభ పంచమాలు లేవు, నిజమే. కానీ పంచమం తీగ అలాగే ఉంచి పాడేవాళ్లు ఎందరో ఉన్నారు. సంగీతం తెలిసిన పాఠకుడు ఒప్పుకోడు.

మృదంగం ఎడమ వైపు చూడండి. వాయించే ముందు తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అక్కడ అద్దుతారు, అది లేనిదే ఆ గుమ్మనే మంద్రనాదం పలకదు. ఆరితే నీళ్లు చిలకరిస్తారు, కచేరీ అయ్యాక గీకేస్తారు. గీకినా చర్మం కాసేపు చెమ్మగానే ఉంటుంది. మీ ఇన్‌స్పెక్టరు వేలు పెట్టి చూస్తే పూర్తిగా పొడిగా తగలాలి. రవ్వ రేణువు లేదు, నీళ్ల గిన్నె లేదు. మరి ఇంటివాళ్లు విన్న గుంకీ, అదే ఆ గుమ్మనే నాదం, ఎక్కడిది?

ఈమధ్య రవ్వ బదులు సిలికాన్ వాడేవాళ్లూ ఉన్నారు. అదే వాడానని తప్పించుకోకుండా మొదటి పేజీలోనే అతను రవ్వ కలుపుతూ కనబడాలండి.