ఆ పెన్ను ఎవరిది?

డాక్టరమ్మకి,

నువ్వు రాసి పంపిన వ్యాసం, పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. "మొహమాటం లేకుండా చెప్పండి మాస్టారూ" అని అడిగావు. నాకు మొహమాటం ఎప్పుడూ లేదు. నీకే కొంచెం ఉన్నట్టుంది. అసలు సంగతి తీసుకెళ్లి ఏడో పేజీలో, ఒక వాక్యం చివర దాచిపెట్టావు.

రాత్రి డ్యూటీ. వయసు మళ్లిన మనిషిని తీసుకొచ్చారు. నువ్వూ, నర్సూ, ఇంకొకాయనా వంతులేసుకుని ఛాతీ నొక్కారు. ఫలితం లేకపోయింది. మెడ దగ్గర నాడి చూశావు, కంట్లో లైటు వేశావు, స్టెత్ పెట్టి విన్నావు, మానిటర్ మీద గీత తిన్నగా పోతోంది. గడియారం చూస్తే 3:40. టైము రాయాలి, నీ పెన్ను ఎక్కడో పడిపోయింది. పక్కన నిలబడ్డ ఆయన కొడుకు, ఏం చేస్తున్నాడో తనకే తెలియనట్టు, జేబులోంచి పెన్ను తీసి నీ చేతికిచ్చాడు. వాళ్ల నాన్న పోయిన టైము ఆ పెన్నుతోనే రాశావు. పొద్దున కోటు ఉతకడానికి వేయబోతే అది నీ జేబులో ఉంది.

ఇదంతా నువ్వు చెప్పిందే. కాకపోతే ఐదు చోట్ల పడి ఉన్న ముక్కల్ని నేను ఒక చోటికి చేర్చాను. నువ్వేం చేశావంటే, "పెన్ను నా దగ్గరే ఉండిపోయింది" అనేసి, ఊపిరి కూడా తీసుకోకుండా "జీవితం ఎంత క్షణికమో ఆ రాత్రి తెలిసింది" అని మొదలెట్టి పేజీన్నర నడిపించావు. ఆ పేజీన్నర ఎవరైనా రాస్తారు, నేనూ రాస్తాను. పెన్ను సంగతి నాకు తట్టదు. ఎందుకంటే ఆ రాత్రి నేనక్కడ లేను.

నీ రచనకి మూడు భాగాలు పెట్టావు. పని, నేను, చిన్న చిన్న సంతోషాలు. శీర్షికలు ముద్దుగా ఉన్నాయి, కాదనను. కానీ అవి ఆస్పత్రిలో డిపార్ట్‌మెంట్ల బోర్డుల్లా ఉన్నాయి. పని భాగంలో నువ్వు కనపడవు, నేను భాగంలో ఒక్క రోగీ లేడు, సంతోషాల దగ్గరికొచ్చేసరికి నువ్వు డాక్టరువన్న సంగతే మర్చిపోయాం. మనిషిని అలా మూడు వార్డుల్లో చేర్పిస్తే ఎలాగమ్మా?

ముందు పని గురించి. నీకు రాయడం రాదని ఉత్తరంలో రెండుసార్లు అన్నావు. రోజుకి ఎన్ని కేస్ షీట్లు రాస్తావు? నాకు తెలిసినంతలో వాటిలో మొదటి వరుసలో రాసేది రోగి చెప్పిన బాధ, సాధ్యమైనంతవరకు రోగి మాటల్లోనే, ఎన్నాళ్లుగా ఉందో దాంతో సహా. "మెట్లెక్కితే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది, మూడు రోజుల్నించి." దానికి మీరు పెట్టే పెద్ద పేరు తర్వాతెప్పుడో వస్తుంది. కథలు రాసే మాకు ఇది ఎవరూ నేర్పలేదు. నేను నా తప్పులు చేసుకుంటూ ఇరవై ఏళ్లకి నేర్చుకున్నాను. నీకు కాలేజీలోనే నేర్పారు. అలాంటిది, రచన అనేసరికి ముందే రోగం పేరు రాసేస్తున్నావు. 'వేదన', 'నిస్సహాయత', 'అంతర్మథనం'. ఎవరి వేదన, ఎన్ని రోజులుగా, ఎక్కడ?

లేనెక్ అనే ఫ్రెంచి డాక్టరు సంగతి నీకు తెలిసే ఉంటుంది. 1816లో, పారిస్‌లో. ఒక యువతి గుండె వినాలి. ఆ రోజుల్లో డాక్టరు చెవి నేరుగా ఛాతీకి ఆనించేవాడు. ఇక్కడ ఆయనకి బిడియం అడ్డొచ్చింది. కాగితాలు గొట్టంలా చుట్టి ఒక కొస ఆమె ఛాతీ మీద, రెండోది తన చెవికి పెట్టుకున్నాడు. చెవి ఆనించిన దానికంటే బాగా వినపడిందట. మీ మెడలో వేలాడే స్టెతస్కోపు అలా మొదలైంది. నువ్వు చదివినప్పుడు అది పరీక్షలో వచ్చే ప్రశ్న అయి ఉంటుంది. నాకు మాత్రం ఆ చుట్టిన కాగితమే పట్టుకుంది. మధ్యలో ఒక కాగితం వచ్చేసరికి గుండె ఇంకా దగ్గరైంది చూడు.

ఈ దూరం నీ రాతలో లేదు. రాత్రి డ్యూటీ దిగి అలాగే కూర్చుని రాశానని గొప్పగా చెప్పావు. ఇందులో గొప్పేం లేదు. 1997లో ఇద్దరు పరిశోధకులు కొలిచి చూస్తే, 24 గంటలు నిద్రలేని మనిషి చురుకుదనం, రక్తంలో 0.10 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషికి ఎంత తగ్గుతుందో దాదాపు అంత తగ్గింది. ఆ స్థితిలో కత్తి పట్టుకోవద్దని నీకు చెప్పక్కర్లేదు, పెన్ను పట్టుకోవద్దని నేను చెబుతున్నాను. డ్యూటీ దిగగానే నాలుగు ముక్కలు రాసి పెట్టుకో, చాలు. 'పెన్ను. కొడుకు. చొక్కా గుండీ ఊడి ఉంది.' అంతే. రాసేసి పడుకో. మిగతాది వారం తర్వాత, నెల తర్వాత, అదే అడుగుతుంది. అడగకపోతే దాన్ని వదిలెయ్.

ఇక నీ రెండో భాగం. 'నన్ను నేను వెతుక్కుంటూ' అని పేరు పెట్టావు. నిజం చెప్పనా, పదకొండు పేజీల్లో నాకు విసుగు పుట్టింది అక్కడే. అద్దంలో చూసుకుంటున్న మనిషిని వెనకనుంచి చూస్తున్నట్టుంది.

రష్యన్ కథకుడు చెహోవ్ కూడా డాక్టరే. 1884లో మెడిసిన్ పూర్తి చేశాడు. ఆ ఏడాదే దగ్గితే రక్తం పడింది. ఆ రక్తానికి అర్థం ఏమిటో ఎదుటి మనిషి అయితే ఆయనే చెప్పేవాడు. తన విషయంలో మాత్రం పరీక్ష చేయించుకోకుండా పన్నెండేళ్లకు పైగా దాటేశాడు. చివరికి 1897లో రక్తం ఆగకుండా పడితే ఆస్పత్రిలో చేర్చారు, క్షయ అని తేల్చారు. 1904లో, 44 ఏళ్లకే పోయాడు. ఎదుటివాడి ముఖంలో కండరం కదిలితే పట్టుకునే మనిషి, తన రుమాలు మీది మరకని చదవలేదు. చదవలేదో, చదవదలుచుకోలేదో. నేను దీన్ని తప్పుగా చెప్పడం లేదు. మన గురించి మనం తెలుసుకోవడం అనేది కూర్చుని, "ఇవాళ తెలుసుకుంటాను" అంటే అయ్యే పని కాదేమో అని మాత్రం అనిపిస్తుంది. పెన్ను తిరిగి ఇవ్వాలా వద్దా అని నువ్వు కోటు పట్టుకుని బాత్రూంలో నిలబడ్డ ఆ రెండు నిమిషాలు ఉన్నాయే, నువ్వెవరో నాకు అక్కడ కొంచెం తెలిసింది. 'నేను' అనే భాగంలో తెలియలేదు.

అదే భాగంలో 'బర్నౌట్' అని, అంటే పని చేసీ చేసీ పూర్తిగా అలిసిపోవడమని, నాలుగు చోట్ల వాడావు. ఆ మాటని మనుషుల అలసటకి పట్టుకొచ్చి 1974లో రాసినాయన, తను పనిచేసిన క్లినిక్‌లో వాలంటీర్లని, తనని చూసుకుని రాశాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని తన జాబితాలో పెట్టింది గానీ, రోగంగా కాదు, పని చేసే చోటుకి సంబంధించిన పరిస్థితిగా. అంటే నువ్వు రాయాల్సింది ఆ చోటు. కూర్చోవడానికి కుర్చీ ఉందా? ఫోన్ మోగితే నీ భుజాలు ఏమవుతాయి? ఇరవై ఏడో రోగి దగ్గర నీ గొంతు మారిందని ఒక చోట అన్నావు. ఎలా మారింది? గట్టిగా అరిచావా, లేక మరీ మర్యాదగా అయిపోయిందా? నాకైతే రెండోదే అనుమానం. అది రాస్తే బర్నౌట్ అనే మాట అక్కర్లేదు, తీసెయ్.

ఇప్పుడు ఒక కష్టమైన విషయం. దీని దగ్గర కాస్త ఆగాలి.

రోగి దగ్గర చూసిందీ విన్నదీ బయట చెప్పకూడదని మీ పాత ప్రమాణంలోనే ఉంది, రెండువేల ఏళ్లకు పైబడిన మాట. పేర్లు మార్చానని రాశావు. సరిపోదు. నేనెలా నేర్చుకున్నానో చెబుతాను. నాకు ముప్పై రెండేళ్లప్పుడు ఓ ఆపరేషనై, పదిహేను రోజులు వార్డులో ఉన్నాను. పక్క మంచం ఆయన రాత్రిళ్లు దగ్గేవాడు. దగ్గు ఆగాక ప్రతిసారీ చీకట్లో "క్షమించండి" అనేవాడు, ఎవరినని కాదు, గదిని మొత్తం. ఇంటికొచ్చాక కథ రాశాను. పేరు మార్చాను, వయసు మార్చాను, ఉద్యోగం మార్చాను. కథకి మంచి పేరొచ్చింది. కొన్నాళ్లకి ఆయన భార్య పత్రిక పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆయన అప్పటికే లేడు. తిట్టలేదు. "అన్నీ మార్చారండీ, ఆ క్షమించండి ఒక్కటీ మార్చలేదు" అంది. పత్రికని నాలుగు మడతలు పెట్టి సంచీలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ కథ తర్వాత ఏ సంపుటిలోనూ వేయలేదు నేను.

కాబట్టి నీ లెక్క పేరుతో ఆగకూడదు. ఈ పేజీ ఆ కొడుకు చేతిలో పడితే ఏమవుతుందో చూసుకో. గుర్తుపడతాడు. పెన్ను ఇచ్చినవాడు మర్చిపోడు. అతని దగ్గర అనుమతి తీసుకోగలిగితే తీసుకో, రాసింది చూపించు. తీసుకోలేని చోట, ఆ మనిషి తనని తాను పోల్చుకోలేనంతగా మార్చు. అలా మార్చాక కథ నిలబడకపోతే అచ్చుకి పంపకు, సొరుగులో ఉంచుకో. ఇంకొకటి. పని చేసే చోట ఇలాంటి రాతలకి ఏవో నియమాలు ఉంటాయి, పంపేముందు చదువుకో. ఉద్యోగం పోగొట్టుకుని రాయాల్సినంత గొప్ప వ్యాసం నేనింతవరకు చూడలేదు.

రోగం తీరు మాత్రం మార్చకు. మనుషులని కాపాడటానికి ఊరు మార్చు, గది మార్చు, పరవాలేదు. మూడు రోజుల్లో వచ్చేదాన్ని మూడు గంటల్లో రప్పిస్తే, నిన్ను నమ్మి చదివేవాళ్లు అదే నిజమనుకుంటారు. నేను రాస్తే కథలెమ్మని ఊరుకుంటారు. నువ్వు రాస్తే మందు చీటీలా చదువుతారు.

సంతోషాల దగ్గరికొద్దాం. వాన, సూర్యాస్తమయం, మంచి పుస్తకం, వేడివేడి టీ. టీ కప్పు లేకుండా చిన్న సంతోషాల వ్యాసం రాసినవాళ్లు కనిపిస్తే నాకు చెప్పు, దణ్ణం పెడతాను. ఇవన్నీ నువ్వు అనుభవించలేదని కాదు. రాసేటప్పుడు మాత్రం ఎక్కడో చదివినవి గుర్తొచ్చాయి. కానీ పదో పేజీ చివర, ఎందుకు రాశావో నీకే తెలియనట్టు, ఇంకోటి ఉంది. ఇంటికొచ్చి బూట్లు విప్పి, సాక్సులు లాగేసి, చల్లటి గచ్చు మీద ఉత్తకాళ్లతో నిలబడతావట. సాక్సు ఎలాస్టిక్ కాలి చుట్టూ గాడి పెడుతుందట. దాన్ని హాయిగా గోక్కుంటావట. గోక్కుంటూ గోక్కుంటూ, చెయ్యి ఊరుకోక, ముందెముక మీద బొటనవేలితో నొక్కి చూస్తావట, నీరు చేరిన కాళ్లలో గుంట పడుతుందేమో అని రోజూ చూసే అలవాటు కొద్దీ. గుంట పడలేదట. నీలో నువ్వే నవ్వుకున్నావట.

నేను అక్కడ పెన్సిల్ పక్కన పెట్టేశాను.

పని, నేను, సంతోషం అని నువ్వు పెట్టిన మూడు బోర్డులూ ఆ ఒక్క కాలి మీదే ఉన్నాయి. డ్యూటీ దిగినా దిగని చెయ్యి, తన కాలినే రోగి కాలులా చూసే మనిషి, చల్లటి గచ్చు. దాని వెనక "ఇలాంటి చిన్న ఆనందాలే జీవితానికి అర్థం" అని ఓ వాక్యం ఉంది చూడు, దాన్ని కొట్టేశాను. నీ మీద కోపంతో కాదు, ఆ కాలి మీద ప్రేమతో.

భాష గురించి ఎక్కువ చెప్పను, బాగానే ఉంది. 'హృదయ స్పందన' బదులు గుండె కొట్టుకోవడం అను. పల్స్‌ని పల్స్ అనే రాయి, ఇబ్బంది లేదు. మీవాళ్లు వార్డులో మాట్లాడుకునే మాటలు అలాగే రానీ. కొన్ని మాకు అర్థం కాకపోయినా పక్కన ఉన్న పని చూసి అర్థం చేసుకుంటాం, పాఠకులు నువ్వనుకున్నంత అమాయకులు కారు.

శీర్షికలు మూడూ చింపెయ్. పెన్నుతో మొదలుపెట్టి కాలి దాకా రా, లేదా కాలితో మొదలుపెట్టు, నీ ఇష్టం. నాలుగు పేజీలు చాలు. తొందర లేదు, సెలవు దొరికినప్పుడు చూసుకో. సెలవులో నిద్రొస్తే నిద్రపో.

ఈసారి వరుసల మధ్య కాస్త ఎక్కువ ఖాళీ వదిలి పంపు, పెన్సిల్‌కి చోటు చాలడం లేదు. నా మోకాలి సంగతి కూడా అడుగుదామనుకున్నాను, కనపడిన ప్రతివాళ్లూ నిన్ను అదే అడుగుతారని మూడో పేజీలో వాపోయావు కదా, అందుకని మానుకున్నాను.

ఇంతకీ ఆ పెన్ను ఇచ్చేశావా?

ఇట్లు,
మాస్టారు